సెయింట్ జేవియర్స్ విద్యాలయము, కలకత్తా

కలకత్తా నగరమునందు చిరకాలము పార్కువీథి యని పేరొంది, 2004వ సంవత్సరము నుండి మదర్ థెరీసా సరణి యని వ్యవహరింపబడుచున్న రాజమార్గమున, 30వ సంఖ్య గల ఆవరణములో నెలకొనిన సెయింట్ జేవియర్స్ కాలేజియేట్ పాఠశాల, మన దేశమునందలి కతోలిక ఉన్నత పాఠశాలలలో ప్రాచీనతచేతను, విద్యార్థుల బాహుళ్యముచేతను, వానికంటె మిన్నగా తాను వెలసిన నగరముయొక్క మేధాజీవితముతో పెనవైచికొనిన చరిత్రచేతను ప్రత్యేకముగ పేర్కొనదగినది. బెల్జియము దేశమునుండి వచ్చిన యేసు సభ గురువులు దీనిని 1860వ సంవత్సరము జనవరి 16వ తేదీన ప్రారంభించిరి. ఇది బాలుర విద్యాలయముగ పేరొందినది. బోధన ఇంగ్లీషున జరుగును. పదవ తరగతి చివర ఐ.సి.ఎస్.ఇ. పరీక్షకును, పండ్రెండవ తరగతి చివర ఐ.ఎస్.సి. పరీక్షకును విద్యార్థులు కూర్చుందురు. పాఠశాలయు కళాశాలయు ఒకే ఆవరణమున ఒకే కుదుట పుట్టి పెరిగినవగుటచేత 'కాలేజియేట్' అను విశేషణము దీని పేరిట నిలిచినది. కావున పందొమ్మిదవ శతాబ్దపు చరిత్ర చెప్పునపుడు ఇది పాఠశాలది, అది కళాశాలది యని గిరి గీయుట సాధ్యము కాదు. ఈ వ్యాసమునందును అట్టి ప్రయత్నము చేయలేదు.

విద్యాలయమునకు పేరు పెట్టబడిన పునీత ఫ్రాన్సిస్ జేవియర్ 1506లో జన్మించి, 1542లో గోవాకు వచ్చి, దక్షిణభారత తీరములందును, మలక్కా, జపాను మొదలగు ప్రాగ్దేశములందును మతబోధ సల్పి, 1552లో చైనా తీరమునకు చేరువనున్న ఒక దీవిలో కన్నుమూసిన స్పెయిను దేశపు మహనీయుడు. మన గుంటూరు, కృష్ణా మండలములలోని కతోలిక కుటుంబములలో శౌరయ్య, శౌరమ్మ, శౌరిరెడ్డి యని వినవచ్చు పేర్లు ఈ జేవియర్ నామమునుండి వచ్చినవే. యేసు సభకు మూలపురుషుడైన ఇగ్నేషియస్ లొయోలా పేరు ఇన్నాసి యై, ఇన్నయ్య, ఇన్నారెడ్డి అను పేర్లయందు నిలిచియున్నది. పరదేశపు పునీతులు మన పల్లెలలో ఇంతగా ఇంటివారైపోగా, వారి పేరిట వెలసిన కలకత్తా విద్యాలయమును గూర్చి తెలుగువారికి తెలిసినది స్వల్పము. విజయవాడలో ఆంధ్ర లయోలా కళాశాలను నెలకొల్పినవారును ఈ సభవారే.

యేసు సభ 1540లో పోపుగారి ఆమోదమును బడసినది. పాఠశాలలు నడుపుట మొదట దాని సంకల్పమునందు లేకున్నను, 1548లో సిసిలీ ద్వీపమున మెస్సీనా పురమునందు తెరచిన కళాశాల ఫలించుటతో విద్యాదానమే ఆ సభకు ప్రధానవృత్తి యైనది. 1599లో ప్రకటింపబడిన విద్యాప్రణాళిక తరగతుల క్రమమును, పాఠముల పునశ్చరణమును, విద్యార్థులలో పోటీని, నాటకప్రదర్శనమును కూడ నియమబద్ధము గావించినది. 1773లో పోపు ఈ సభను రద్దుచేయుటయు, 1814లో పునరుద్ధరించుటయు జరిగినవి. పునరుద్ధరణానంతరము లోకము నలుమూలల వెలసిన వందలాది పాఠశాలలలో కలకత్తా విద్యాలయ మొకటి.

ఐనను ఇది ఆ నగరమున వారి మొదటి ప్రయత్నము కాదు. 1834లో వచ్చిన ఆంగ్ల శాఖకు చెందిన యేసు సభ గురువులు అక్కడ ఒక కళాశాలను తెరచి, కొన్ని సంవత్సరములు నడిపి, 1846లో మూసివేసి మరలిపోయిరి. బెల్జియము వారు 1859 నవంబరు మాసాంతమున హెన్రీ డెపెల్షిన్ నాయకత్వమున నౌక దిగునాటికి ఆ వైఫల్యము నగరపు జ్ఞాపకములో ఇంకను పచ్చిగనే యుండెను. దిగిన రెండు నెలలైన నిండకమునుపే వారు బడి తెరచిరి. 1862లో కళాశాల తరగతులకు కలకత్తా విశ్వవిద్యాలయము గుర్తింపు నొసగినది. డెపెల్షిన్ ఒకచోట స్థిరముగ నుండు స్వభావము గలవాడు కాడు. 1879లో ఆఫ్రికాలోని జాంబెజీ నదీప్రాంతమునకు ప్రేషితబృందమునకు పెద్దయై పోయి, తిరిగివచ్చి, 1888లో డార్జిలింగునందు సెయింట్ జోసెఫ్ పాఠశాలను స్థాపించెను.

వారికి లభించిన స్థలముయొక్క పూర్వకథ చెప్పదగినది. అచట 1841 మొదలు సాన్ సూసీ అను ఆంగ్ల నాటకశాల యుండెను. దాని నిర్వాహకురాలును, ప్రఖ్యాత నటియునైన ఎస్తేరు లీచ్, 1843 నవంబరులో ప్రదర్శనము జరుగుచుండగా రంగస్థలపు ప్రక్కనున్న దీపము వస్త్రమున కంటుకొని, ఆ కాలిన గాయములతో కొలది దినములలో మరణించెను. 1848లో అదే రంగస్థలిపై వైష్ణవచరణ ఆఢ్యుడను వంగీయుడు షేక్స్పియరు నాటకమున ఒథెల్లో పాత్ర ధరించి, ఆంగ్లేయ నటుల నడుమ నిలిచిన తొలి భారతీయుడని పేరొందెను. మరుసటి సంవత్సరమే నాటకశాల మూతపడి, భవనము కతోలిక సంఘము వశమైనది. ఆ నేలపై వెలసిన విద్యాలయమునందు విద్యార్థులు నాటకము లాడుట మానలేదు. ఇరువదవ శతాబ్దమున వంగ రంగస్థలమును కదలించివైచిన ఉత్పల్ దత్ ఈ విద్యాలయపు విద్యార్థియై, ఇచటనే షేక్స్పియరును అభ్యసించి, 1947లో కలకత్తాకు వచ్చిన జెఫ్రీ కెండల్ నాటకబృందమునకు తన నటనను చూపి అందు చేరెను.

విద్యాలయపు కీర్తికి నిజమైన పునాది వేసినవాడు మాత్రము డెపెల్షిన్ కాడు. యూజీన్ లఫాన్ అను భౌతికశాస్త్రాచార్యుడు. ఈయన 1837లో బెల్జియములోని మాన్స్ నగరమున జన్మించి, 1865 డిసెంబరులో ఇరువదియెనిమిదేండ్ల వయసున కలకత్తాకు వచ్చెను. ఆనాడు మన కళాశాలలలో శాస్త్రమనగా పుస్తకములోని వాక్యములు వల్లించుటయే. నల్లబల్లమీద గీసిన పరికరపు బొమ్మయే పరికరము. లఫాన్ యూరపునుండి యంత్రములను తెప్పించి, ప్రయోగశాల నమర్చి, చెప్పిన ప్రతి విషయమును విద్యార్థి కన్నులయెదుట చేసి చూపుట ఆరంభించెను. బోధనలో ఇది ఎంతటి విప్లవమో, ప్రయోగశాలలు సర్వసామాన్యమైన నేటి దినములలో ఊహించుట కష్టము.

1867లో ఆయన విద్యాలయపు మేడపై చిన్న వాతావరణ పరిశీలనశాల నొకదాని నేర్పరచుకొనెను. భారమితి, ఉష్ణమాపకము, గాలి దిక్కును చూపు సాధనము మొదలగు సామాన్య పరికరములే అందుండినవి. ఆ నవంబరులో పాదరసము అసాధారణముగ దిగజారుట గమనించి, గాలితిరుగుడునుబట్టి మహావాత మొకటి సముద్రమునుండి నగరమువంకకు వచ్చుచున్నదని నిశ్చయించి, అధికారులను ముందుగ హెచ్చరించెను. తుపాను వచ్చినది, హెచ్చరిక యుండుటచేత జాగ్రత్తలు తీసికొన వీలైనది. దీని విలువ తెలియవలెనన్న మూడేండ్లు వెనుకకు పోవలయును. 1864 అక్టోబరు 5వ తేదీన కలకత్తాను ముంచిన తుపానులో ఏబది వేలకు మించిన ప్రజలు మడసిరి; ఇరువదియేడు దినములు గడచి, నవంబరు 1వ తేదీ రాత్రి మన మచిలీపట్టణమును సముద్రము ముంచెత్తి ఇంచుమించు ముప్పదివేల మందిని పొట్టబెట్టుకొనెను. బందరు ఉప్పెన యని మన తాతముత్తాతలు చెప్పుకొనినది అదియే. ఆ రెండుచోట్లను ప్రజలకు ముందుగ చెప్పువాడు లేకపోయెను. ప్రభుత్వ వాతావరణశాఖ ఏర్పడుట 1875వ సంవత్సరపు మాట. అంతకు ఎనిమిదేండ్ల ముందే ఒక బడిపంతులు మేడమీద కూర్చుండి ఆ పని చేసెను. ఈ విద్యాలయపు నూటయరువదియైదేండ్లకు మించిన చరిత్రలో ఇంతకంటె గొప్పదినము లేదని ఈ వ్యాసకర్త విశ్వాసము.

1874 డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమును దాటిపోయెను. ఇటలీనుండి టాక్కినీ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుని నాయకత్వమున వచ్చిన బృందము వంగదేశమున విడిసి ఆ సంక్రమణమును పరిశీలింపగా, లఫాన్ వారితో చేరి పనిచేసెను. సూర్యుని నిత్యము పరిశీలించుటకు కలకత్తాయందొక వేధశాల యుండవలెనని టాక్కినీ ప్రోత్సహింప, లఫాన్ ప్రభుత్వమునొద్దను నగర ప్రముఖులయొద్దను చందాలు సేకరించి, విద్యాలయపు కప్పుపై గుమ్మటము లేపి, దూరదర్శినిని, వర్ణపటదర్శినిని నెలకొల్పెను. ఆ డిసెంబరు 9వ తేదీననే మన విశాఖపట్టణమునందు గోడె జగ్గారావుగారు స్థాపించిన వేధశాలనుండి, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు అదే శుక్రసంక్రమణమును పరిశీలించి, లండనులోని రాయల్ జ్యోతిశ్శాస్త్ర సంఘమునకు వృత్తాంతము పంపిరి. వంగదేశమున నొకచోటను, విశాఖపట్టణమున నొకచోటను, కతోలిక గురువొకడును, తెలుగు జమీందారీ కుటుంబీకుడొకడును, ఒకే ఉదయమున ఒకే చుక్కను చూచుచుండిరనుట మరువదగిన విషయము కాదు.

లఫాన్ తన విద్యను విద్యాలయపు ప్రహరిలోపల దాచుకొనలేదు. సాయంసమయములందు నగరవాసులెల్లరకు ప్రవేశము గల ఉపన్యాసములనిచ్చుచు, మాయాదీపముతో తెరపై చిత్రములను చూపుచు, విద్యుత్తు, ధ్వని, కాంతి మొదలగు విషయములను సామాన్యులకు తేటపరచెను. డాక్టరు మహేంద్రలాల్ సర్కారు భారతీయులకై భారతీయుల ధనముతో ఒక విజ్ఞానసంస్థ యుండవలెనని తలపెట్టినపుడు, ఆయనకు కుడిభుజమై నిలిచినవాడు ఈ పరమతస్థుడైన పరదేశియే. మన దేశమునకు కావలసినది చేతిపనుల శిక్షణమేగాని మూలవిజ్ఞానము కాదని కొందరు పెద్దలు వాదింపగా, లఫాన్ సభలో లేచి, ఆ వాదము భారతీయుల మేధను తక్కువచేయుట యగునని ప్రతిఘటించెను. 1876లో భారతీయ విజ్ఞానాభివృద్ధి సంఘము బౌబజారు వీథిలో వెలసినది. లఫాన్ అందు ప్రతిఫలము కోరక అనేక సంవత్సరములు భౌతికశాస్త్రోపన్యాసములు చేసెను. 1880లో ప్రభుత్వము ఆయనకు సి.ఐ.ఇ. బిరుదమిచ్చెను. 1908 మే మాసమున డార్జిలింగులో ఆయన దేహము చాలించెను.

ఈ కథకు ఉత్తరభాగము విశాఖనుండియే వచ్చినది. తిరుచిరాపల్లిలో జన్మించిన చంద్రశేఖర వెంకటరామన్, తండ్రి విశాఖపట్టణమున భౌతికశాస్త్రాధ్యాపకుడై రాగా, 1892లో నాలుగేండ్ల పసివాడై ఆ యూరు చేరెను. ఆ తండ్రి పనిచేసిన కళాశాల పైని చెప్పిన నరసింగరావుగారి స్మృతికై వారి ధర్మపత్ని యిచ్చిన విరాళముచేత పేరొందిన మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల. బాలుడు చదివిన బడి సెయింట్ అలోషియస్ ఆంగ్లో ఇండియన్ ఉన్నత పాఠశాల. ఫ్రాన్సు ఆల్ప్సు పర్వతప్రాంతమునందలి ఆన్సీనుండి వచ్చిన పునీత ఫ్రాన్సిస్ సాలెసు సభ గురువులు దీనిని 1847లో, అనగా జేవియర్ విద్యాలయము పుట్టుటకు పదుమూడేండ్లు ముందే స్థాపించిరి. పదునొకండవ యేటనే మెట్రిక్యులేషను గడచిన ఆ బాలుడు, 1907లో ప్రభుత్వోద్యోగియై కలకత్తాకు వచ్చి, ట్రాములో పోవుచు విజ్ఞానసంఘపు పేరుపలక చూచి దిగి, తలుపు తట్టెను. లోపల ప్రయోగశాల ఇంచుమించు నిర్మానుష్యమై యుండెను. పగలు కచేరి పనియు, ఉదయసాయంతనములు ప్రయోగములునుగా గడపి, ఆ గదులలోనే 1928 ఫిబ్రవరి 28వ తేదీన తన పేర వెలసిన కాంతిఫలమును కనుగొని, 1930లో నోబెలు బహుమానము నందెను. సర్కారు, లఫాన్ మొదలగువారు నిర్మించి యుంచిన ఇల్లు లేకున్న ఆ ప్రయోగము మరెక్కడ జరిగియుండెడిదో!

లఫాన్ శిష్యులలో ప్రథమగణ్యుడు జగదీశ చంద్ర వసు. తండ్రి భగవాన్ చంద్రుడు కుమారుని మొదట ఊరిబడిలో వంగభాషలో చదివించి, పిదప కలకత్తాలో హేరు పాఠశాలయందును, అనంతరము ఇచటను చేర్పించెను. ఇంగ్లీషు పిల్లలు, ఆంగ్లో ఇండియన్ పిల్లలు అధికముగ నున్న తరగతిలో పల్లెనుండి వచ్చిన బాలుడు వెక్కిరింతల పాలగుట వింత కాదు. తన్ను సవాలు చేసిన ముష్టియుద్ధపు మేటితో తలపడి, దెబ్బలు తినియు వెనుదీయక తుదకు వానిని ఓడించి గౌరవము సంపాదించెనని ఆయన చరిత్రకారుడు పాట్రిక్ గెడ్డెస్ వ్రాసినాడు. వసతిగృహమున తోడివారందరు వయసున పెద్దలు; స్నేహితులు లేని ఆ బాలుడు చేతిఖర్చు డబ్బుతో చిన్న చిన్న జంతువులను కొని పెంచుకొనుచు, ఆవరణపు మూల నొక చిన్న తోట వేసి దానికి నీటికాలువ త్రవ్వుకొనెనట. చెట్లకును స్పందన కలదని కొన్ని దశాబ్దముల పిమ్మట యంత్రములతో నిరూపింపబూనినవాని బాల్యమున ఆ తోట యుండుట సహజమే యనిపించును. ఇచటనే పట్టభద్రుడై, ఇంగ్లండునకు పోయి కేంబ్రిడ్జిలో చదివి, 1885లో ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడై, ఉపన్యాసముతో ప్రయోగమును జోడించి చెప్పు పద్ధతిని ఆయన తుదివరకు విడువలేదు. అది గురువునుండి సంక్రమించిన గుణము.

జగదీశుడు పాఠశాలను గడచిన ఆ కాలముననే, 1875లో, రవీంద్రనాథ ఠాకూరు ఇందు చేరెను. ఆయన చదువు ఇచట ఫలింపలేదు. తరగతి గోడలు భరింపలేక తరచుగ బడి మానుచు, త్వరలోనే శాశ్వతముగ మానివైచెను. ఐనను తన జీవనస్మృతిలో ఈ బడిని తలచుకొనునపుడు ఒక గురువును మాత్రము ఆయన భక్తితో స్మరించినాడు. పెనెరాండా అను స్పెయిను దేశపు ఫాదరు కొన్నాళ్లు వారి తరగతికి వచ్చుచుండెను. ఇంగ్లీషు ఉచ్చారణము సరిగ రాకపోవుటచేత పిల్లలు ఆయన మాటను లక్ష్యపెట్టెడివారు కారు. ఆ అనాదరమును ఆయన ఓర్పుతో సహించెడివాడు. ఒకనాడు అందరును కాపీ వ్రాయుచున్న సమయమున, కలము చేతబట్టి వ్రాయక ఎచటనో మనస్సు నుంచిన రవీంద్రుని వెనుకకు ఆయన నడచివచ్చి, నిలిచి, వంగి, మెల్లగ వీపుపై చేయివైచి, ఒంట్లో బాగుగ లేదా యని అడిగెను. అంతియే జరిగినది. మందలింపు లేదు, శిక్ష లేదు. ఆ ప్రశ్నను కవి మరువలేదు. 1901లో శాంతినికేతనమున చెట్లక్రింద తానొక బడి పెట్టినపుడు, తన బాల్యమున చూచిన బడులలో ఏవేవి ఉండరాదో ఆయనకు తెలిసియుండెను. ఏది ఉండవలెనో తెలిపిన కొలదిమందిలో ఈ ఫాదరొకడని మనము భావింపవచ్చును.

విద్యాలయమున పనిచేసిన గురువుల పాండిత్యము శాస్త్రములకే పరిమితము కాదు. 1886లో కలకత్తాకు మొదటి అగ్రపీఠాధిపతియైన పాల్ గోథల్స్ సేకరించిన గ్రంథములతో ఏర్పడిన గోథల్స్ గ్రంథాలయము ఈ ఆవరణమునందే యున్నది. పియెర్ జొహాన్స్, జార్జి డాండోయ్ అను ఇరువురు గురువులు 1922లో ప్రారంభించిన ఒక మాసపత్రికయందు శంకర, రామానుజ, వల్లభాచార్యుల వేదాంతములను శ్రద్ధతో పరిశీలించి, వానికిని క్రైస్తవతత్త్వమునకును గల సంబంధమును చర్చించిరి. అంగీకరించువారును అంగీకరింపనివారును వారి మూలగ్రంథ పరిచయమును మాత్రము మెచ్చుకొనిరి. రాబర్ట్ ఆంత్వాన్ అను బెల్జియను గురువు పాఠశాల విద్యార్థులకై వ్రాసిన సంస్కృతబోధిని వ్యాకరణమును అభ్యాసములతో అంచెలంచెలుగ నేర్పు చక్కని వాచకము. ఇంగ్లీషు మాధ్యమున సంస్కృతము నేర్చుకొనదలచినవారు నేటికిని దాని నుపయోగించుచున్నారు. గొడుగంత టోపీ, పొడుగాటి తెల్లని అంగీ ధరించిన దొర మన పిల్లలకు రామశబ్దము నేర్పుటకు పుస్తకము వ్రాయుట మనకు గర్వకారణమో, సిగ్గుచేటో పాఠకులే నిర్ణయింతురుగాక; ఆ పుస్తకము మాత్రము మంచిది. ఆంత్వానును, ఆయన సహచరుడు పియెర్ ఫాలనును జాదవపూరు విశ్వవిద్యాలయమున తులనాత్మక సాహిత్యమును బోధించిరి. సత్యజిత్ రాయ్‌కి చిరమిత్రుడైన గాస్తోన్ రోబెర్జ్ 1970లో కలకత్తాయందు చిత్రవాణి యను చలనచిత్రాధ్యయన సంస్థను నెలకొల్పెను. లఫాన్ మాయాదీపమునకు ఇది ఒకవిధముగ కొనసాగింపే.

విద్యార్థి సమాజముయొక్క కూర్పు కాలముతోపాటు మారుచు వచ్చినది. ఆరంభకాలమున యూరోపియను, ఆంగ్లో ఇండియను కుటుంబముల బాలురే అధికులు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున వంగీయ భద్రలోకపు బిడ్డలు హెచ్చిరి. 1947 తరువాత ఆంగ్లో ఇండియనులనేకులు ఇంగ్లండు, ఆస్ట్రేలియాలకు వలసపోగా, వ్యాపార కుటుంబముల బాలురతో తరగతులు నిండినవి. కతోలిక విద్యార్థులు అల్పసంఖ్యాకులుగనే యున్నారు. ఇట్టి విద్యాలయములన్నింట సామాన్యముగ కానవచ్చు ఏర్పాటొకటి కలదు: కతోలిక బాలురకు సత్యోపదేశము చెప్పు గంటలో తక్కినవారికి నీతిపాఠము చెప్పుదురు. గుడి గంటకును బడి గంటకును నడుమ ఇట్లొక సంధి కుదిరి తరతరములుగ నిలిచినది. హిందువు, ముస్లిము, జైనుడు, పార్సీ, క్రైస్తవుడు ఒకే బల్లపై కూర్చుండి పదిపండ్రెండేండ్లు గడపిన అనుభవము, పాఠ్యపుస్తకములోని ఏ అధ్యాయమును ఈయలేని శిక్షణము.

పూర్వవిద్యార్థులలో పశ్చిమ వంగ రాష్ట్రమును 1977 మొదలు 2000 వరకు ముఖ్యమంత్రియై పాలించిన జ్యోతి బసు ఒకడు. భారత క్రికెట్ జట్టునకు నాయకత్వము వహించిన సౌరవ్ గంగూలీ మరియొకడు. మార్క్సుమతావలంబియైన నాయకుడును, విప్లవనాటకములు వ్రాసిన ఉత్పల్ దత్తును కతోలిక గురువుల బడినుండి వచ్చుట చూచి కొందరాశ్చర్యపడుదురు. తర్కించుట నేర్పిన బడి తన శిష్యులందరును తన సిద్ధాంతమునే చేపట్టుదురని ఆశింపజాలదు, ఆశింపలేదు గూడ.

ఈ విద్యాలయముపై గల ఆక్షేపణను చెప్పక విడుచుట న్యాయము కాదు. ఇంగ్లీషు చదువు చెప్పి ఉన్నతవర్గముల బిడ్డలను మరింత ఉన్నతస్థానములకు పంపుటయేకాని, పేదసాదలకు ఇది చేసినది స్వల్పమను విమర్శ చిరకాలముగ నున్నది. అందు సత్యము కలదు. ఈ బెల్జియను ప్రేషితబృందమునకే చెందిన కాన్స్టంట్ లీవెన్స్ 1885లో ఛోటానాగపూరు అడవులకు పోయి, భూములు పోగొట్టుకొనుచున్న ముండా, ఉరావ్ రైతులకు న్యాయస్థానములలో అండగ నిలిచెను. ఒకే వృక్షపు రెండు కొమ్మలలో ఒకటి రాజమార్గమునకు నీడనిచ్చెను, ఒకటి అడవిలోని రైతుకు నీడనిచ్చెను. ఈ అంతరమును సభవారే గుర్తింపకపోలేదు. 1973లో స్పెయిను దేశమున వలెన్సియాయందు సమావేశమైన యూరపు పూర్వవిద్యార్థుల నుద్దేశించి, సభకు పెద్దయైన పెద్రో అరూపే, మేము మీకు న్యాయము నేర్పితిమా యని తమ్ము తామే ప్రశ్నించుకొని, నేర్పలేదని నిర్మొగమాటముగ ఒప్పుకొని, ఇకమీదట తమ విద్యాలయములు పరులకొరకు జీవించు మనుష్యులను తయారుచేయవలెనని ప్రకటించెను. ఆ ప్రసంగమునకు పిమ్మట లోకమునందలి యేసు సభ పాఠశాలలనేకములయందు సమాజసేవ బోధనలో భాగమైనది. అది తరగతిలో మార్కులకై చేయు పనిగ మిగులునో, మనస్సులో నాటుకొనునో అనునది గురువులపై ఆధారపడియుండును.

పాలనావిషయమున ఈ విద్యాలయము అల్పసంఖ్యాక వర్గముల సంస్థ. మతముచేతగాని భాషచేతగాని అల్పసంఖ్యాకులైనవారు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కును భారత రాజ్యాంగపు 30వ అధికరణము ప్రసాదించుచున్నది. ఇదే పునీతుని పేర అహమ్మదాబాదులో నున్న కళాశాల గుజరాతు ప్రభుత్వముపై వేసిన వ్యాజ్యమున, 1974లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, విద్యాప్రమాణములకై ప్రభుత్వము నియమములు చేయవచ్చునుగాని, నిర్వహణహక్కును హరింపరాదని తీర్పు చెప్పినది. దేశమునందలి కతోలిక పాఠశాలల స్వాతంత్ర్యమునకు ఆ తీర్పు నేటికిని ప్రధానమైన ఆధారము.

విద్యాలయపు ధ్యేయవాక్యము 'నిహిల్ ఉల్ట్రా' అను లాటిను మాట. దీనికి మించినది లేదని దాని యర్థము. లఫాన్ ప్రయోగములు చేసిన చోటు, పెనెరాండా తరగతి నడపిన ఆవరణము, గోథల్స్ పుస్తకములు నేటికిని ఆ వీథిలోనే యున్నవి; కలకత్తా పోవు తెలుగువారు అనుమతి గైకొని చూడదగిన స్థలములవి. విశాఖపట్టణమున రామన్ చదివిన సెయింట్ అలోషియస్ పాఠశాల వయసున దీనికంటె పెద్దది, సముద్రమునకు చేరువనే యున్నది. ఆ పాఠశాలను గూర్చిన పాత హాజరుపట్టికలు, ఛాయాచిత్రములు, ఉత్తరములు ఏ యింటి అటకమీదనైన నున్నయెడల, చెదలపాలు గాకమునుపే వానిని వెలికిదీసి, చరిత్ర వ్రాయువారి చేతి కందింపవలసినదిగ ఉత్తరాంధ్ర పాఠకులను ప్రార్థించుచున్నాము.